మా పిల్ల మాట ఆలస్యంగా రాలేదు

మా పిల్ల పోయింది. సముద్రంలో మునిగి చనిపోయిందని పేపర్లో వేశారు. అది తప్పు. మునగలేదు. నడుము లోతు నీళ్ళలో నిలబడి ఉండగా, తిరగబడిన పడవని కెరటం ఎత్తి తెచ్చి దాని ఛాతీ మీద కొట్టింది. ఆ చప్పుడు ఒడ్డున ఉన్న నాకు వినబడింది. ఆ పడవ మాదే. దాన్ని నడిపినవాడు మా పిల్లని కన్నవాడే.

నేను అయిదు వరకే చదివాను. చేపలు అమ్ముకునేదాన్ని. ఇలా కూర్చుని రాయడం నాకు అలవాటు లేదు. అయినా రాస్తున్నాను, ఎందుకంటే పిల్ల పోయిన దగ్గర్నుంచి మా ఒడ్డు పొడుగునా ఒక మాట తిరుగుతోంది. వైర్‌లెస్ సెట్టులో పిల్ల చెప్పిన హెచ్చరిక ఆలస్యంగా వచ్చిందట, అందుకే పడవ బోల్తా పడిందట. పిల్ల బతికి ఉంటే ఆ మాట అన్నవాళ్ళ పళ్ళు రాలగొట్టేది. ఇప్పుడు అది నా పని. కొట్టి చూశాను కూడా, ఆ సంగతి తరవాత చెప్తాను. ఎంత కొట్టినా మాట చావలేదు. అందుకని కాగితం పట్టుకున్నాను.

అది ఎలాంటి పిల్లో ముందు మీకు తెలియాలి. పదో తరగతి చదువుతున్న రోజుల్లో ఒక పొద్దున నాతో చేపల వేలంపాటకి వచ్చింది. పై ఊరినుంచి వచ్చిన షావుకారు ఒకడు బేరం తెగలేదన్న కోపంతో నా బుట్ట మీద చెప్పుకాలు పెట్టి ఇసకలోకి తోశాడు. మా పిల్ల పక్క బుట్టలోంచి టేకు చేప తోక లాగింది. ఆ తోక కొరడాలాగా ఉంటుంది, గరుకుగా ఉంటుంది. పిక్క మీద ఒకటి పీకింది. వాడు కుంటుకుంటూ నెత్తురు చూసుకుంటుంటే, "కాలు మా యమ్మ బుట్ట మీద ఎట్టినావు గాబట్టి కాలికే తగిలినాది. సెయ్యెట్టుంటే సేతికి తగిలీది" అంది. నేను దాని వీపు మీద రెండు వేశాను. దెబ్బలు తింటూనే నవ్వింది.

అంత పెంకి పిల్లకి చదువు ఎలా అంటుకుందో నాకు తెలీదు. శ్రీకాకుళంలో డిగ్రీ చదివింది. బస్సులో వెళ్ళి బస్సులో వచ్చేది. వచ్చాక జుట్టుని వల దారంతో కట్టేసుకుని, నిప్పుల మీద కాల్చిన ఎండుచేప నంజుకుంటూ చద్దన్నం తినేది. ఆ తింటూనే, చేపలు కోసుకుంటున్న నా ఎదురుగా కూర్చుని ఆ రోజు విన్న పాఠం అంతా నాకు చెప్పేది. నాకు అర్థమయ్యేదాకా వదిలేది కాదు. "అమ్మా, ఊ కొట్టకు. ఏటి తెలిసిందో తిరిగి సెప్పు" అనేది. నాకు బడిలో ఎవరూ అంత ఓపికగా చెప్పలేదు. ఈ రోజు నాలుగు ముక్కలు మీకు చెప్పగలుగుతున్నానంటే ఆ పొయ్యి దగ్గర చదువే.

చదువయ్యాక మా ఊరి పడవలకి సెట్లు వచ్చాయి. సముద్రంలోకి కొంత దూరం పోయాక ఫోన్లు పనిచెయ్యవు, ఈ సెట్లు పనిచేస్తాయి. పడవకొకటి చేతిలో పట్టేది, ఒడ్డున వలల షెడ్డులో పెద్దది ఒకటి, దాని మీద పొడుగాటి ఇనప గెడ. ఆ పెద్ద సెట్టు ముందు మా పిల్ల కూర్చునేది. గాలి ఎటు తిరిగిందో, కెరటం ఎలా ఉందో పడవలకి చెప్పేది. చెప్పడం అంటే తిట్టినట్టే ఉండేది. నా తమ్ముడు మా పడవలోనే పనిచేస్తాడు. వాడితో, "సిన్నమావా, మీ ఇంటి కాడ పీతల కూర దించినారు. బేగి రాకపోతే పిల్లితో వాటా ఏసుకోవాల" అనేది. అవతల పడవల్లో ఉన్నవాళ్ళందరూ విని నవ్వుకునేవారు.

మా ఆయనకి మాత్రం సెట్టు మీద నమ్మకం కుదరలేదు. మూర్ఖుడని అనుకోకండి. ఆయనకి సముద్రం నేర్పిన చదువు ఒకటుంది. మెరుపు కనబడ్డాక ఉరుము వినబడేలోపు ఎంతసేపు పట్టిందో చూసి, గాలివాన ఎంత దూరాన ఉందో చెప్పేస్తాడు. ఆ లెక్కతోనే ఎన్నోసార్లు ప్రాణాలు దక్కించుకుని వచ్చాడు. కంటికి కనబడేది ముందు వస్తుంది, చెవికి వినబడేది వెనకబడి వస్తుంది. సెట్టులోంచి వచ్చేది చెవికి వినబడేదే కదా. అందుకని అదీ ఉరుములాగే వెనకబడి వస్తుందని ఆయన అనుకున్నాడు. ఆయనొక్కడే కాదు, మా ఒడ్డున ముసలివాళ్ళందరి లెక్కా అదే. సెట్టులో దూరం నుంచి వచ్చినదాన్ని "పాత మాట" అనేవాళ్ళు.

ఒక సాయంత్రం ఇద్దరికీ దీని మీదే పడింది. ఆయన గుమ్మంలో వల బాగుచేసుకుంటున్నాడు. పిల్ల కంచం ముందు ఉంది.

"ఒలే గుంటా, నువ్వక్కడ సెప్పింది నా కాడికొచ్చీసరికి సల్లారిపోతాది" అన్నాడు.

"నువ్వు టార్చిలైటేస్తే నాకెప్పుడు కనపడతాదయ్యా?"

"అప్పుడే కనపడతాది. అది ఎలుతురు."

"సెట్టులోంచి ఎల్లీది కూడా ఎలుతురు జాతే. కంటికానదు, అంతే. రెండిటిదీ ఒకటే ఏగం. భూమి సుట్టూ తిప్పితే ఒక్క సెకన్లో ఏడుసార్లు తిరిగొచ్చేస్తాది."

"ఎలుతురు మాటాడతాదేటే?"

"మాటాడదు. నా మాటని మోసుకొస్తాది. నీ సేతిలో సెట్టు దాన్ని మల్లీ మాట సేస్తాది. సెట్టు కాడ నుంచి నీ సెవి దాకా ఉంటాది సూడు జానెడు, అదొక్కటే సప్పుడు. మిగతా సముద్రమంతా దాటొచ్చింది ఎలుతురే."

మా ఆయన వల పక్కన పెట్టాడు. "సరే. దాన్ని రేడియో కెరటం అంటావు కదా. పొడుగు కెరటమా, పొట్టి కెరటమా?"

"రేడియోది పొడుగు. ఎలుతురుది మరీ పొట్టి."

"దొరికిపోనావు. ఎక్కడో తుపాను లేస్తే మన ఒడ్డుకి పొడుగు కెరటం ముందొస్తాది, పొట్టిది ఎనకొస్తాది. పుట్టిన కాడ నుంచి సూస్తన్నాను. నీ లెక్కనైతే రేడియో ముందుండాల, ఎలుతురు ఎనకుండాల. రెండూ ఒకటే ఏగమని ఏ మాస్టారు సెప్పినాడే నీకు?"

పిల్ల నోట్లో ముద్ద పెట్టుకుని అలాగే నవ్వేసింది. పొలమారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "అయ్యా, నువ్వు మా కాలేజీకొచ్చుంటే మా సారుకి నిద్దర పట్టకపోను" అంది. తరవాత నెమ్మదిగా చెప్పింది. "నీళ్ళ కెరటానికి నీళ్ళు కావాల. అందుకే దానికి పొడుగూ పొట్టీ పేచీ. దీనికి నీళ్ళు అక్కర్నేదు, గాలి కూడా అక్కర్నేదు. మోసీవోడు ఎవుడూ నేడు. పొడుగుదైనా పొట్టిదైనా ఒక్కలాగే ఎల్తాది."

"ఏటో" అని ఆయన పళ్ళతో దారం తెంపాడు. నమ్మలేదని నాకు తెలుసు, పిల్లకీ తెలుసు.

ఇప్పుడు ఆ పొద్దు గురించి రాయాలి.

వంశధార సముద్రంలో కలిసేచోటు మా ఊరికి దగ్గర. దాన్ని మొగ అంటాం. పడవలు మొగలోంచే లోపలికి రావాలి. ఏరు బయటికి తోస్తుంటుంది, సముద్రం లోపలికి తోస్తుంటుంది, రెండూ కొట్టుకునేచోట నీళ్ళ కింద ఇసక దిబ్బ. కెరటం పెద్దదైన రోజున ఆ దిబ్బ మీద లేచి విరుగుతుంది. ఒడ్డు నుంచి చూస్తే దాని నోరు కనబడుతుంది. సముద్రం వైపు నుంచి చూస్తే వీపే కనబడుతుంది, నున్నగా, ఏమీ ఎరగనట్టు.

ఆ రోజు తుపాను లేదు. ఎండ కాస్తోంది. ఎక్కడో చాలా దూరాన లేచిన గాలికి పుట్టిన పొడుగు కెరటాలు పొద్దెక్కాక మొగ దగ్గర విరగడం మొదలుపెట్టాయి. అంతకుముందే ఇంకో పడవ ఏ ఇబ్బందీ లేకుండా వచ్చేసింది. నేను షెడ్డు పక్కన చేపలు ఎండబెడుతున్నాను. లోపల పిల్ల చెప్పడం నా చెవులతో విన్నాను.

"అయ్యా, మొగ కాడ కెరటం ఇరుగుతన్నాది. రావద్దు. లోతులోనే ఉండు. నాను సెప్పినదాకా రావద్దు."

మళ్ళీ చెప్పింది. తరవాత అరిచింది. అవతల నుంచి గరగర తప్ప ఏమీ రాలేదు. మా పడవ దూరాన కనబడుతూనే ఉంది. దాని ముక్కు మొగ వైపే ఉంది.

"ఈ ముసిలోడు సస్తాడు, సిన్నమావని కూడా సంపుతాడు" అంటూ బయటికి ఉరికింది. చేతిలో మోకు ఉంది. ఒక కొస నడుముకి కట్టుకుని రెండోది మా ఆడవాళ్ళ మీదకి విసిరింది. మేము పట్టుకున్నాం.

కెరటం పడవని వెనక నుంచి ఎత్తింది. ముక్కు ఇసకలో దిగబడింది. తోక పైకి లేచి, ఇంజిను గాలిలో కేకలు వేస్తూ, పడవంతా తలకిందులై పడింది. మా తమ్ముడి కాలు పడవ కింద పడి విరిగింది, వల చుట్టుకుపోయింది. పిల్ల వాణ్ణి జుట్టు పట్టుకుని బయటికి లాగి, నోటితో వల కొరికి, మోకు వైపు తోసింది. వాడు మోకు పట్టుకున్నాడు. అప్పుడు అయ్య కోసం వెనక్కి తిరిగింది. తిరిగినప్పుడే పడవ వచ్చి కొట్టింది.

మోకు మా చేతుల్లోంచి జారి, అరచేతుల చర్మం తీసుకుపోయింది. మళ్ళీ పట్టుకుని లాగాం. ఒడ్డుకి తెచ్చాక దాని నోట్లోంచి నీళ్ళు రాలేదు. నెత్తురు వచ్చింది. దాని కళ్ళు తెరిచే ఉన్నాయి. నేను ఇసక తుడిచాను. అంతలో వాళ్ళయ్య కాస్త అవతల చేతులూ మోకాళ్ళ మీద పాకుతూ, దగ్గుతూ, బతికి ఒడ్డెక్కాడు.

ఎలా జరిగిందని అందరూ ఆయన్ని అడిగారు. "మాట లేటుగా వచ్చినాది" అన్నాడు. కర్మ జరిగే రోజుకి ఆ మాట ఊరంతా పాకిపోయింది. నా తోటికోడలు అన్నం వారుస్తూ, "ఆడగుంట సెట్టు ముందర కూకుని ఫోను సూసుకుంటన్నాదేమో, ఎవులు సూసినారు?" అంది. నా చేతిలో గరిటె ఉంది. మూతి మీద కొట్టాను. పెదవి చీలింది. మళ్ళీ కొట్టబోతే పట్టుకున్నారు.

మా తమ్ముడు కాలికి కట్టుతో మంచం మీద ఉన్నాడు. ఒకరోజు నాకు కబురు పంపాడు. వెళితే గోడ వైపు తిరిగి చెప్పాడు.

"అప్పా, ఇది నాను కడుపులో ఎట్టుకోనేను. మాట ఇనిపించినాది. మేమింకా లోతులోనే ఉన్నాం. బావా, రావద్దంటన్నాది అన్నాను."

"మీ బావేటన్నాడు?"

"అది పాత మాటరా అన్నాడు. అది బయలెల్లినప్పుడు కెరటం లేసుంటాది, మన కాడికొచ్చీసరికి దిగిపోయుంటాది, సూడు మొగెంత నున్నగున్నాదో అన్నాడు. ఇంజినుకి రేసు ఇచ్చీసినాడు."

నేను ఇంటికి ఎలా వచ్చానో తెలీదు. ఆయన నాకు మేనత్త కొడుకు, చిన్నప్పటి నుంచి మావా అనే పిలిచాను. ఆ రోజు వాకిట్లో ఉన్న తెడ్డు తీసుకుని భుజం మీద కొట్టాను. "మావా, నా కూతురు మాట లేటా? సెప్పు." మెడ మీద కొట్టాను. "ఇనిపించినాదా నేదా? సెప్పు."

"ఇనిపించినాది" అన్నాడు. "లేటుగా ఇనిపించినాది. నాను అబద్దమాడనేదే. ఆ సెట్టే నా గుంటని సంపినాది."

లేచి, పడవ లంగరు భుజానికెత్తుకుని షెడ్డుకి పరిగెత్తాడు, సెట్టు బద్దలు కొట్టడానికి. నేను ముందే చేరి గుమ్మానికి అడ్డం పడ్డాను. లంగరు విసిరాడు. తలుపు చెక్క చీలింది, నా ముంజేయి ఎముక విరిగింది. జనం వచ్చి ఆయన్ని ఇసకలో పడేసి తొక్కిపెట్టారు. ఆ రోజు నుంచి మేము ఒకే ఇంట్లో ఉండి మాట్లాడుకోవడం మానేశాం.

కొట్టుకుంటూనే నాకు ఒకటి తెలిసింది. ఆయన అబద్ధం చెప్పడం లేదు. నిజంగానే అలా నమ్ముతున్నాడు. ఆయన నమ్మినంతకాలం మా పిల్ల దోషిగానే ఉంటుంది.

ఒక మధ్యాహ్నం మబ్బు పట్టి ఉరుములు మొదలయ్యాయి. ఆయన అరుగు మీద కూర్చున్నాడు. ఇంట్లో పాత ట్రాన్సిస్టర్ ఉంది. ఇలాంటి వానపూటే ఒకసారి వంటింట్లో పిల్ల నాకు ఒకటి చూపించింది. అది చూపించినట్టే, ఏ స్టేషనూ రానిచోట ముల్లు పెట్టి, చప్పుడు పెంచి, బాగున్న చేత్తో తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టాను.

"ఏటిది?" అన్నాడు.

"సూడు. నీకు తెలిసిన పనే."

మెరిసింది. మెరిసిన ఆ క్షణంలోనే ట్రాన్సిస్టర్ టర్రుమంది. ఉరుము రాలేదు. ఆయన పెదాలు అలవాటుగా లెక్కపెడుతున్నాయి. చాలాసేపటికి ఉరిమింది. మళ్ళీ మెరిసింది, మెరుపూ టర్రూ కలిసే వచ్చాయి, ఉరుము తరవాతెప్పుడో వచ్చింది. ఆయన ట్రాన్సిస్టర్ తీసుకుని వానలోకి దిగి, సముద్రం కనబడేచోట నిలబడ్డాడు. దూరాన, నీళ్ళ అంచున మెరుస్తోంది. అంత దూరపు మెరుపుకి ఉరుము వినబడనే లేదు. టర్రుమనడం మాత్రం ప్రతిసారీ మెరుపుతోనే వచ్చింది. దగ్గరదైనా దూరందైనా ఒక్కలాగే. తడుస్తూ అలా నిలబడిపోయాడు.

లోపలికి వచ్చి అడిగాడు. "సెట్టులో వచ్చీది కూడా ఇదేనా?"

"ఇదే జాతని సెప్పింది. మెరుపులోంచి కూడా రేడియో కెరటం ఎల్తాదంట."

"అయితే అది రావద్దన్నప్పుడే నాకు ఇనిపించినాది."

"ఊఁ."

"అప్పుడే ఇరుగుతన్నాది కెరటం."

"ఊఁ."

ట్రాన్సిస్టర్ని జాగ్రత్తగా అరుగు మీద పెట్టాడు. లేచి వెళ్ళి స్తంభానికి తల వేసి కొట్టుకున్నాడు. ఆపకుండా కొట్టుకున్నాడు. నుదురు పగిలి నెత్తురు కళ్ళలోకి కారింది. నాకు ఒక చెయ్యే ఉంది, దాంతో ఆయన మెడ చుట్టూ పట్టుకుని వేలాడాను. ఇద్దరం అరుగు మీంచి వాకిట్లో పడ్డాం. ఆ బురదలో, పిల్ల పోయాక మొదటిసారి, కలిసి ఏడ్చాం.

మర్నాడు తలకి కట్టుతో చేపల పాట దగ్గరికి వెళ్ళి అందరి ముందూ చెప్పాడు. "నా గుంట మాట అప్పుడే ఒచ్చినాది. నానే నమ్మనేదు. దాన్ని లేటన్నవోడు ఇకమీద నాతో తేల్చుకోవాల." కొందరు తల దించుకున్నారు. ఒక ముసలాయన మాత్రం, "ఊరుకోరా, ఏడుపులో ఏదేదో అంటన్నావు" అన్నాడు. వాళ్ళందరూ ఇంకా నమ్మలేదు. సెట్టులో మాట వినబడితే ఇంకా మొగ వైపు తలెత్తి చూసి, కన్ను చెప్పిందే చేస్తారు. అందుకే ఇదంతా మీకు రాశాను. మీ ఇళ్ళలో సముద్రం మీదకి పోయేవాళ్ళు ఉంటే చదివి వినిపించండి.

చెయ్యి అతుక్కుంది. ఇప్పుడు సెట్టు ముందు నేను కూర్చుంటున్నాను. మొన్న మిట్టమధ్యాహ్నం పడవలు వరసగా ఒడ్డుకి వస్తున్నాయి. మా ఆయనది అన్నిటికన్నా ముందుంది. ఎండ మండిపోతోంది. మొగ దగ్గర కెరటం నోరు తెరవడం కనబడింది. బటన్ నొక్కాను.

"రావద్దు. లోతులోనే..."

ఉండండి అనే మాట ఇంకా నా నోట్లోనే ఉంది. వేలు ఇంకా బటన్ మీదే ఉంది. అక్కడ మా పడవ ముక్కు సముద్రం వైపు తిరిగిపోయింది. ఆయన లేచి నిలబడి, రెండు చేతులూ చాపి, వెనక వస్తున్న పడవలకి అడ్డంగా పడవని నిలిపాడు. ఒకడు తిడుతూ పక్కనుంచి దూసుకుపోబోతే తెడ్డు ఎత్తాడు. వాడూ ఆగాడు. మధ్యలో కెరటాలు లేచి విరుగుతూనే ఉన్నాయి. వాటి అవతల, పట్టిన చేపలు ఎండకి మెత్తబడుతున్నా, పడవల మీద పక్షులు పడి పొడుస్తున్నా, ఒక్కరూ కదలకుండా అన్ని పడవలూ అలాగే నిలబడి ఉన్నాయి.